గేర్ ‘పీ’లో పెట్టినంత మాత్రాన

ట్రాయ్, మిషిగన్

చిరంజీవి అమ్మడికి,


నువ్వు పాత మోటార్‌హోమ్ కొన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు, సగం గొప్పగా, సగం దిగులుగా. నీ ఉత్తరంలో ప్రశ్నలు చదివాక ఆ దిగులు అక్కర్లేదనిపించింది. ఇలాంటి బండి కొన్నవాళ్ళు మొదట కప్పు కారుతుందా, ఫ్రిజ్ పనిచేస్తుందా అని అడుగుతారు. నువ్వు ఆపిన చోట బండి నిలబడి ఉంటుందా అని అడిగావు.

నువ్వు రాసిన వివరాలను బట్టి అది షెవర్లే పీ-30 చాసిస్ మీద కట్టిన బండి. ఇంజిన్ 454, అంటే 7.4 లీటర్లు. 1980లలో, 90లలో ఈ దేశంలో పెట్రోలుతో నడిచే పెద్ద మోటార్‌హోమ్‌లు చాలామటుకు ఈ చాసిస్ మీదే వచ్చాయి. వాటిలో బరువైన మోడళ్ళకు ‘ఆటో పార్క్’ అనే హ్యాండ్ బ్రేక్ ఏర్పాటు ఉంటుంది. నువ్వు పట్టుకోవలసింది దాని గుట్టు. మామూలు కారులో గేర్ ‘పీ’లో పెడితే గేర్‌బాక్స్ లోపల ఒక ఇనుప కొక్కెం పంటిలో పడి బండిని ఆపుతుంది. నీ బండిలో ఆ కొక్కెమే లేదు. నువ్వు ‘పీ’లోకి లాగినప్పుడు జరిగేది గేరు పని కాదు, బ్రేకు పని. గేర్‌బాక్స్ వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదలయ్యే చోట ఒక డ్రమ్ము ఉంటుంది. గట్టి స్ప్రింగు ఒకటి ఆ డ్రమ్ములోని లైనర్లను పట్టించి ఉంచుతుంది. నడపాలంటే నూనె ఒత్తిడితో ఆ స్ప్రింగును వెనక్కి నెట్టాలి. పాత మోడళ్ళలో ఆ ఒత్తిడి పవర్ స్టీరింగ్ పంపు నుంచి వచ్చేది. తర్వాతి వాటికి విడిగా ఒక కరెంటు పంపు పెట్టారు.

కాబట్టి నీ బ్రేకును వేసేది స్ప్రింగు, తీసేది ఒత్తిడి. ఒత్తిడి పోతే బ్రేకు పడుతుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో రైళ్ళకు తెచ్చిన ఆటోమేటిక్ ఎయిర్ బ్రేకు కూడా గొట్టంలో గాలి తగ్గితే పట్టేదే. మన విజయవాడ ఆటోనగర్ షెడ్లలో నేను పానా పట్టడం నేర్చుకున్నప్పటి లారీల సంగతి వేరు గాని, ఇప్పటి ఎయిర్ బ్రేకు లారీల వెనక యాక్సిల్ మీద కూడా ఇదే పద్ధతి. ఇక్కడి పెద్ద డీజిల్ మోటార్‌హోమ్‌లలో డ్రైవరు ముందు పసుపు రంగు నాబ్ ఉంటుంది చూడు, గాలి 20 నుంచి 45 పీఎస్ఐ మధ్యకు పడిపోయేసరికి అది తనంతట తానే బయటికి తన్నుకొస్తుంది, బండి బిగుసుకుపోతుంది. ఫోర్డ్ ఎఫ్-53 చాసిస్ వాళ్ళకు కూడా డ్రమ్ము గేర్‌బాక్స్ వెనకే ఉంటుంది గాని వాళ్ళది పెడలూ కేబులే. నూనె గొడవ లేదు.

ఈ డిజైన్ తెలివైనదే అంటాను. లోపం వస్తే బండి కొండ దిగి పారిపోకుండా ఆగిపోతుంది. కానీ దానికి దయ లేదు. ఒత్తిడి ఎక్కడ పోయిందో, ఎప్పుడు పోయిందో స్ప్రింగుకు పట్టదు. నువ్వు హైవే మీద అరవై మైళ్ళ వేగంలో ఉన్నా అది తన పని తాను చేస్తుంది.

అందుకే చెడిపోయింది అన్నప్పుడు ముందు ఒక్కటి తేల్చుకో: పట్టడం లేదా, వదలడం లేదా? ఇవి రెండూ ఒకదానికొకటి ఎదురు జబ్బులు, మందులు కూడా ఎదురే. తేల్చుకోకుండా బండి కింద దూరినవాళ్ళకే దెబ్బలు తగులుతాయి.

వదలకపోవడం, లేదా నడుస్తుండగా తనంతట పట్టడం గురించి ముందు రాస్తాను, ప్రమాదం అందులో ఎక్కువ. డ్రమ్ము ఉన్నది చక్రం దగ్గర కాదు, షాఫ్ట్ మీద. నీ బండి వెనక యాక్సిల్‌లో చక్రం ఒక్కసారి తిరిగితే షాఫ్ట్ నాలుగున్నర, ఐదుసార్లు తిరుగుతుంది. అరవై మైళ్ళ వేగంలో ఆ షాఫ్ట్ నిమిషానికి దాదాపు మూడు వేల చుట్లు తిరుగుతుందని లెక్క. ఆ వేగంలో లైనర్లు కొంచెం రాసుకున్నా చాలు, డ్రమ్ము కాలిపోతుంది. పక్కనే గేర్‌బాక్స్ తోక దగ్గరి సీలు, దానిచుట్టూ చెమర్చిన నూనె, గ్రీజు. మంట అంటుకోవడానికి ఇంకేం కావాలి? కాబట్టి డాష్‌బోర్డు మీద ‘ఆటో పార్క్’ దీపం నడుస్తుండగా వెలిగినా, కాలిన వాసన వచ్చినా, బండి ఎవరో వెనక్కి పట్టుకుని లాగుతున్నట్టు బరువెక్కినా, ఇంకో ఎగ్జిట్ దాకా పోదాం అనుకోకు. చదునైన పక్క జాగా చూసి ఆపు. అందరినీ దించు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతిలోకి తీసుకునే కిందికి చూడు. కాలిన డ్రమ్ము మీద నీళ్ళు పోయకు, పోతపోసిన ఇనుము పగులుతుంది.

చల్లారాక చూసేది నూనె. ఎర్రగా చుక్కలు పడుతుంటే హోసు గాని, జాయింటు గాని కారుతోంది. ఈ వయసులో రబ్బరు హోసులు పైకి బాగానే కనిపిస్తూ లోపల చిట్లి ఉంటాయి. పైనున్న చిన్న ట్యాంకులో నూనె ఎంత ఉందో చూడు. దానికి పోసేది డెక్స్‌రాన్ రకం గేర్‌బాక్స్ నూనె. పొరపాటున కూడా మామూలు బ్రేక్ ఆయిల్ పోయకు. ఈ రబ్బరు సీళ్ళకు అది పడదు, ఉబ్బి మెత్తబడిపోతాయి.

నూనె బాగానే ఉంటే చెవి పెట్టు. తాళం తిప్పినప్పుడు కరెంటు పంపు కొద్దిసేపు గుర్రుమని ఆగిపోవాలి. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే, ఎర్తు వైరు, ఆ వరసలో చూడు. మాటిమాటికీ మోగుతుంటే ఒత్తిడి ఎక్కడో జారిపోతోంది. ఆగకుండా మోగుతుంటే స్విచ్చు మాట వినడం లేదు. ఆ పంపు దగ్గర ఒత్తిడిని చూసి పంపును నడిపే ఆకుపచ్చ స్విచ్చు ఒకటి ఉంటుంది. ఈ బండ్లవాళ్ళు దాన్ని ముద్దుగా ‘కుళ్ళిన ఆకుపచ్చ స్విచ్చు’ అంటారు. అంత పేరు ఊరికే రాదు. లోపల నూనె దిగి పాడవుతుంది, అది పోతే పంపు ఆగిపోతుంది, ఒత్తిడి పోతుంది, బ్రేకు పడుతుంది. స్టెప్నీ లేకుండా బయల్దేరినా నేనేమీ అనను గాని, ఆ స్విచ్చు ఒకటి అదనంగా లేకుండా ఊరు దాటకు.

రోడ్డు పక్క నుంచి బండిని కదిలించక తప్పని పరిస్థితి వస్తే ఒక దారి ఉంది. స్ప్రింగు డబ్బాకూ డ్రమ్ము లివర్‌కూ మధ్య ఉన్న కడ్డీ నట్టు వదులు చేస్తే లైనర్లు వదులుతాయి. నేను ఈ ఉత్తరం మొదలుపెట్టింది ఇక్కడ ఒక మాట చెప్పడానికే. ఆ నట్టు వదులైన క్షణం నుంచి నీ బండికి హ్యాండ్ బ్రేకు లేదు. దాన్ని బాగుచేయడమంటే బండికి ఉన్న పట్టు తీసేయడమే, నువ్వు మాత్రం అప్పుడు దాని కింద పడుకుని ఉంటావు. అందుకని పానా తీయకముందే చక్రాలకు అడ్డు పెట్టు, ముందూ వెనకా రెండు వైపులా, టైరుకు అంటుకునేలా. మన లారీ క్లీనర్లు బండి ఆగీ ఆగకముందే దూకి చక్రం కింద రాయి పెట్టడం చూసే ఉంటావు, నవ్వుకునే ఉంటావు. అంతకు మించిన బ్రేకు శాస్త్రం నాకూ తెలియదు. నువ్వు మాత్రం రాళ్ళు వెతక్కు, గట్టి రబ్బరువో, అడ్డంగా కోసిన దుంగ చెక్కవో నాలుగు దగ్గర పెట్టుకో. తాళం చెవి నీ జేబులో ఉండాలి, డ్రైవరు సీటు పక్కన కాదు. నువ్వు కింద ఉండగా పైన ఎవరో పంపు మోగుతుందేమో చూద్దామని తాళం తిప్పి గేరు ‘పీ’ నుంచి తీస్తే ఆ ఒత్తిడి బ్రేకును వదిలేస్తుంది.

స్ప్రింగు డబ్బాను మాత్రం నువ్వు విప్పకు, ఎంత తెలిసినవాళ్ళు చెప్పినా సరే. దాన్ని అలాగే మొత్తంగా మార్చాలి. లారీల స్ప్రింగు డబ్బాలు విప్పబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. లాగించుకుపోవలసి వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించు. ఇంజిన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్ లోపలి నూనె పంపు తిరగదు, వెనక చక్రాల మీద లాగితే లోపలిదంతా ఎండి అరిగిపోతుంది. షాఫ్ట్ విప్పితే డ్రమ్ముకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుందని అప్పుడు కూడా మరిచిపోవద్దు.

ఇక పట్టకపోవడం. దీని కారణాలు మామూలువే: లైనర్లు అరగడం, సర్దుబాటు వదులవడం, నూనె తగిలి జారడం. లైనర్లు అరిగేకొద్దీ లోపలి పళ్ళ చక్రాన్ని చేత్తో తిప్పి బిగించాలి, ఎంత అన్నది సర్వీస్ మాన్యువల్ చూసే చెయ్యి. లైనర్లు నూనెతో తడిసి ఉంటే పెట్రోలుతో కడిగి మళ్ళీ పెడదామనే ఆశ పెట్టుకోకు, పీల్చుకున్న నూనె వేడెక్కగానే బయటికొస్తుంది. గేర్‌బాక్స్ తోక సీలు ముందు మార్పించి తర్వాత కొత్త లైనర్లు వేయించు. ఆ వరస తప్పితే డబ్బు రెండుసార్లు పోతుంది. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకు, తడిపి తుడువు.

నువ్వు డెన్వర్‌లో ఉన్నావు, కొండలెక్కుతావు కాబట్టి ఒక లెక్క చెబుతాను. ఐ-70 మీద ఐసెన్‌హవర్ సొరంగం దాటి సిల్వర్‌థార్న్ వైపు దిగే దారి 7 శాతం వాలు. 16,000 పౌండ్ల బండి, అంటే దాదాపు 7,260 కేజీలు, ఆ వాలులో 500 కేజీలకు పైగా బలంతో కిందికి లాగుతుంది. ఆ లాగుడంతా ఒక్క డ్రమ్ము మోయాలి. షాఫ్ట్ మీద ఉండటం దానికి ఇక్కడ లాభం. యాక్సిల్ పళ్ళ పుణ్యమా అని చక్రం దగ్గర కావలసిన బిగువులో నాలుగో వంతో ఐదో వంతో చాలు. అయినా చదును చోట నిలిచింది గదా అని నమ్మకు. కొద్దిపాటి వాలున్న ఖాళీ జాగా చూసుకుని, కిందివైపు ఎవరూ లేకుండా, ‘పీ’లో పెట్టి కాలి బ్రేకును మెల్లగా వదిలి చూడు. ఇంచి కదిలినా అది పట్టడం లేదన్నట్టే.

చక్రాలకు బదులు షాఫ్ట్‌ను పట్టుకోవడంలో ఇంకో మెలిక ఉంది. క్యాంపు చేరాక బండిని సమం చేయడానికి కింద హైడ్రాలిక్ జాకీలు దించుతారు గదా. వాటితో వెనక చక్రం ఒక్కటైనా నేల విడిచిందనుకో, హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్టే. షాఫ్ట్ కదలకుండా ఉండగానే, గాల్లోని చక్రం ఒకవైపు, నేల మీది చక్రం రెండోవైపు తిరగగలవు. యాక్సిల్ లోపలి డిఫరెన్షియల్ ఉన్నదే అందుకు. బండి జాకీల మీది నుంచి ఒరిగిపోతుంది. పంక్చరైన వెనక టైరు మార్చేటప్పుడూ అంతే, మంచు మీద ఒక చక్రం జారినా అంతే. వెనకవైపు పల్లంగా ఉంటే జాకీతో ఎత్తకు, చక్రాల కింద చెక్కలు పరిచి వాటి మీదికి నడుపు. జాకీలు పట్టి ఉంచుతాయిలే అని పక్కవాళ్ళు అంటే విని ఊరుకో.

కొండ ప్రయాణాలకు ముందు చదును రోడ్డు మీద నాలుగైదు మైళ్ళు నడిపి ఆపి, వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో డ్రమ్మును చూసి రాసి పెట్టుకో. బండి బాగున్నప్పుడు ఎంత ఉంటుందో తెలిస్తే బాగోలేనప్పుడు తెలుస్తుంది. ఆ థర్మామీటర్ పెద్ద ఖరీదు కూడా కాదు.

స్విచ్చు, హోసులు కొనేముందు ఒక చిక్కు చూసుకోవాలి. మోటార్‌హోమ్‌లకు పుట్టిన సంవత్సరాలు రెండుంటాయి. చాసిస్ ఒక ఏడాది ఫ్యాక్టరీ నుంచి వస్తే, ఇల్లు కట్టినవాళ్ళు మరుసటి ఏడాది మోడల్‌గా అమ్మడం మామూలే. విడిభాగాలు చాసిస్ ఏడాదిని బట్టి తెప్పించుకోవాలి, కాగితాల మీది ఏడాదిని బట్టి కాదు. ఆ పంపు, దాని మీది స్విచ్చు, చాసిస్ నంబరు ప్లేటు, మూడింటికీ ఫొటోలు తీసి పంపు. అవి చూసి ఏం తెప్పించాలో ఆదివారం ఫోన్‌లో చెబుతాను.

నీ పెదనాన్న