కౌటిల్యుని యుద్ధవిభాగం – నల్లగొండ సాయుధపోరాటంలోని మలుపులు

అర్థశాస్త్రంలోని షాడ్గుణ్యాధికరణం విక్రమాన్ని ప్రకాశయుద్ధం, కూటయుద్ధం, తూష్ణీంయుద్ధం అని మూడు విధాలుగా విభజించినది. దేశకాలాలను ముందుగా నిర్దేశించి చేయునది మొదటిది. భయం పుట్టించుట, ఆకస్మికంగా పైబడుట, శత్రువు ఏమరిన వేళ దెబ్బతీయుట రెండవది. గూఢపురుషుల ద్వారా శత్రుపక్షాన్ని లోలోపల భేదించుట మూడవది. ఈ విభాగం ఆధునిక చరిత్రకు ఎంతవరకు అన్వయించునో 1946–51 నాటి తెలంగాణ సాయుధపోరాటం ఆధారంగా పరిశీలించుట ఈ వ్యాసోద్దేశం.

నిజాం రాజ్యం 1798 నాటి సైన్యసహకార ఒప్పందంతో ఆంగ్లేయుల ఛత్రచ్ఛాయలోకి వచ్చినది. అందుచేత ఇక్కడి రైతుపై భారం మూడంతస్తులది: పైన ఆంగ్లాధిపత్యం, నడుమ నిజాం, నెత్తిమీద దేశముఖు. వెట్టి, లెవీ ధాన్యం, బేదఖళ్లు నల్లగొండ పల్లెలను పీల్చివేసినవి. క్షీణించిన ప్రజలు లోభానికి, లోభం నుండి విరాగానికి లోనగుదురనియు, విరక్తులు శత్రువును చేరుదురు లేదా ప్రభువునే హతమార్చుదురనియు కౌటిల్యుడు హెచ్చరించినాడు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభ నాటికే ఆ విరాగం సంఘరూపం ధరించినది.

మొదటి మలుపు కడవెండి. అది నాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని గ్రామం. 1946 జులై 4న విసునూరు దేశముఖు మనుషులు ఊరేగింపుపై కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య మరణించినాడు. అంతవరకు అర్జీలతో, సభలతో నడిచిన ఉద్యమం నాటినుండి ఆత్మరక్షణకు దిగినది. చేతనున్నవి కర్రలు, ఒడిసెలలు, కారపుపొడి మాత్రమే. ఇది శాస్త్రోక్తమైన మూడింటిలో దేనిలోను పూర్తిగా ఇమడదు. శాస్త్రం విజిగీషువైన రాజును ఉద్దేశించినది; ఇక్కడ పోరినవారికి రాజు లేడు.

రెండవ మలుపు 1947. జూన్‌లో నిజాం స్వతంత్రుడుగా ఉండదలచినట్లు ఫర్మానా వెలువరించినాడు. సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధపోరాటానికి పిలుపునిచ్చినారు. మహబూబునగరం జిల్లాలో స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం సాగుచుండగా, ఆత్మకూరు సమీపాన అప్పంపల్లిలో అదే అక్టోబరులో పోలీసు కాల్పులు జరిగినవి. ఒక జిల్లాలో దళాల పోరు, పక్క జిల్లాలో సత్యాగ్రహం ప్రధానమైనను రెండింటికి లక్ష్యమైనది ఒకే ప్రభుత్వం.

దళాల పద్ధతి స్పష్టంగా కూటయుద్ధం. బలాధిక్యం, అనుకూలభూమి ఉన్నప్పుడే ప్రకాశయుద్ధం చేయవలెనని, లేనిచో కూటయుద్ధమే శరణ్యమని సాంగ్రామికాధికరణం చెప్పుచున్నది. సూర్యాపేట ప్రాంతం దట్టమైన అడవి లేని మెట్టనేల. అక్కడ దళానికి చాటు చెట్టు కాదు, గ్రామమే. అన్నం పెట్టి, కబురందించి, నోరు విప్పని పల్లె ఉన్నంతవరకే ఆ యుద్ధం సాగినది.

బైరాన్‌పల్లి దీనికి ప్రతికూలోదాహరణం. నేటి సిద్దిపేట జిల్లాలోని ఈ గ్రామస్థులు బురుజును ఆశ్రయించి రజాకార్లను పలుమార్లు తిప్పికొట్టినారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యంతో కలిసి ఫిరంగులతో వచ్చి ఊచకోత కోసినారు. ఊరు విడిచి తప్పుకొనుట దళానికి సాధ్యం. పిల్లాపాపలున్న ఊరికి సాధ్యం కాదు. వారిది బుద్ధిలోపం కాదు, గత్యంతరం లేని ప్రకాశయుద్ధం.

మూడవ మలుపు 1948 సెప్టెంబరు 13–17. షోలాపూరు, విజయవాడ మొదలైన దిశల నుండి భారతసైన్యం ప్రవేశించగా నిజాం సైన్యం అయిదు దినాలలో లొంగిపోయినది. నిజాం పోగానే పోరాటలక్ష్యం ప్రశ్నార్థకమైనది. రావి నారాయణరెడ్డి మొదలైనవారు విరమణే యుక్తమని భావించినారు. నాయకత్వంలో మరొక వర్గం భూముల రక్షణకై కొనసాగింపు కోరినది. ఉభయుల వాదంలోను బలం కలదు: సామాన్యునికి రజాకారు పీడ తొలగినది, కాని పంచుకొన్న భూమి మరల దొరల పాలగునన్న భయం తొలగలేదు. పల్లెలు అభిప్రాయభేదానికి లోనగుటతో చాటు తొలగినది. దళాలు అమ్రాబాదు నల్లమల అడవులకు, గోదావరీ తీరారణ్యాలకు తరలినవి. యుద్ధరీతి మారలేదు, దానికి ఆధారమైన జనపదం మారినది.

ప్రభుత్వం సైనికచర్యతో పాటు 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం తెచ్చినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇవ్వగా వినోబా భూదానం మొదలైనది. క్షయానికి మందు వేయనిదే విరాగం తీరదన్న సూత్రం పాలకులకు సైతం బోధపడినదనుటకు ఇవి నిదర్శనాలు. అదే సంవత్సరం అక్టోబరులో పోరాటం విరమింపబడినది. దాదాపు నాలుగువేల మంది అసువులు బాసిరని ఉద్యమనాయకుల గ్రంథాలు పేర్కొనుచున్నవి. తరువాతి ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డిని నెహ్రూను మించిన ఓట్లతో లోక్‌సభకు పంపినారు.

కావున కౌటిల్యుని యుద్ధవిభాగం ఈ పోరాటరీతులను గుర్తించుటకు ఉపకరించును. గెలుపోటములను నిర్ణయించుటకు మాత్రం చాలదు. అందుకు క్షయ–లోభ–విరాగ ప్రకరణమే ఆశ్రయణీయం. సాంగ్రామికాన్ని బోధించునపుడు ఈ ప్రకరణాన్ని జోడించి చెప్పినచో, విద్యార్థికి శాస్త్రం, తన ఊరి చరిత్ర ఏకకాలంలో బోధపడును.