బ్యాకప్ ఫైలు ఉబ్బినప్పుడు

2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్ మున్నగు ప్రాంతములను ముంచెత్తినది. కావున విద్యార్థుల మార్కులు, ఉపకార వేతనముల వివరములున్న డేటాబేసుకు బ్యాకప్ తీసి, ఒక ప్రతిని ఊరి వెలుపల ఉంచుట మనకు అవసరము. ఫైలు అమితముగా పెరిగినచో ఆ పని సాగదు. అట్లని తొందరపడి దానిని తుడిచివేయరాదు. ముందు కారణమును వెదుకవలెను.

ఎస్.క్యు.ఎల్. సర్వర్‌ను ఉదాహరణగా తీసుకొందము. దాని పూర్తి బ్యాకప్‌లో డేటాబేసునందలి ఖాళీ స్థలము చేరదు. 2 జీబీల డేటాకు 20 జీబీల ఫైలు ఏల వచ్చును?

మొదటి కారణము: ప్రతి రాత్రి ఒకే ఫైలు పేరు వాడుట. ప్రత్యేకముగా ఆదేశింపనిచో సర్వర్ పాత ప్రతిని చెరపక, కొత్తదానిని దాని వెనుక చేర్చును. పది రాత్రులకు పది ప్రతులు పేరుకొనును. 'రిస్టోర్ హెడర్‌ఓన్లీ' అను ఆదేశము వాటి జాబితాను తేదీలతో చూపును.

రెండవ కారణము: మార్పుల చిట్టా యగు లాగ్. ఎప్పుడో మొదలై ముగియని లావాదేవీ ఉన్నచో, బ్యాకప్‌లో చేరు లాగ్ భాగము పెరుగును.

ఇందొక ప్రమాదము కలదు. పది ప్రతులున్న ఫైలునుండి, ప్రతి సంఖ్యను తెలుపక పునరుద్ధరించినచో మొదటిదే తిరిగి వచ్చును. తరువాతి రాత్రులలో చేరిన మార్కులు అందుండవు. ఫైలు పేరులో తేదీని చేర్చినచో ఈ చిక్కు తీరును. పాతవానిని తొలగించుటకు ముందు తాజా ప్రతిని వేరొక కంప్యూటరులో పునరుద్ధరించి, మార్కులు సరిగా ఉన్నవో లేవో చూచుకొనవలెను.