అడ్మిట్ చేయాలా, ఇంటికి పంపాలా?

నరసరావుపేటలో నీట్‌కు చదివే పిల్లల్ని ఏ డాక్టరవుతారని అడిగి చూడండి. గుండె, ఎముకలు, పిల్లల వైద్యం అంటారు. సైకియాట్రీ పేరెత్తితే ఇంట్లోవాళ్లే "పిచ్చి డాక్టరా?" అని మొహం చిట్లిస్తారు. ఆ సంగతి అలా ఉంచి, ఈ వృత్తిలో అన్నిటికన్నా బరువైన పని ఏమిటో చూద్దాం. ఎదురుగా ఉన్న మనిషిని ఆసుపత్రిలో చేర్చుకోవాలా, మందులు రాసి పంపాలా? ఏ స్కానింగూ తేల్చి చెప్పని విషయమిది.

మిర్చి పంట దెబ్బతిని అప్పులపాలైన రైతు పురుగుమందు తాగాడనుకుందాం. వైద్యం అంది ప్రాణం దక్కింది. అప్పుడు సైకియాట్రిస్ట్‌కు కబురొస్తుంది. ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఎవరూ లేని వేళ చూసి తాగావా? తాగాక నువ్వే ఎవరికైనా చెప్పావా? బతికినందుకు ఊరటగా ఉందా, ఎందుకు కాపాడారని కోపంగా ఉందా? మళ్లీ ఆ ఆలోచన వస్తోందా? ఇలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అది నిజం కాదు.

తర్వాత భార్యను విడిగా పిలుస్తాడు. మిగిలిన మందు డబ్బాలు ఎక్కడున్నాయి? రాత్రిళ్లు తోడెవరుంటారు? డబ్బాలు ఇంట్లోంచి తీసేస్తామని, బావమరిది వెంట ఉంటాడని, రెండు మూడు రోజుల్లో మళ్లీ చూపిస్తామని చెబితే, రైతు కూడా అందుకు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, ఇంటికి పంపే ఆలోచన చేయొచ్చు. "నేను లేకపోతేనే పిల్లలకు మేలు" అని తిప్పి తిప్పి అదే మాట అంటుంటే చేర్చుకోక తప్పదు. దూరం కూడా లెక్కలోకొస్తుంది. మాచర్ల అవతలి తండా నుంచి వచ్చినవారికీ, గుంటూరు బ్రాడీపేటలో ఉండేవారికీ ఒకే సలహా కుదరదు.

ఇష్టపడి చేరేవారితో చిక్కు లేదు. వద్దనేవారి విషయంలో 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) దారి చూపుతుంది. 89వ సెక్షన్ చదవకుండా ఈ వృత్తిలోకి రాకండి. జబ్బు తీవ్రంగా ఉండి, ఈమధ్య తనకు హాని చేసుకోబోవడమో, ఎదుటివారిపై తిరగబడటమో, తన బాగోగులు చూసుకోలేక ప్రమాదంలో పడటమో జరిగి ఉండాలి. సొంతంగా నిర్ణయం తీసుకునే స్థితి ఉండకూడదు. రోగి తరఫు నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు ఇవ్వాలి. ఇద్దరు నిపుణులు, వారిలో ఒకరు సైకియాట్రిస్ట్, ఎవరికి వారు పరీక్షించాలి. ఇలా చేర్చుకున్నా గడువు 30 రోజులే. ఏడు రోజుల్లో మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలపాలి. మహిళలైతే మూడు రోజుల్లోనే. ఇంత కట్టుదిట్టం ఎందుకంటారా? పొలం పంపకాల గొడవలో తమ్ముడికి పిచ్చి ముద్ర వేయించాలని చూసే అన్నలు ఏ కాలంలోనైనా ఉంటారు. ఇంట్లోవాళ్ల మాట వినాలి, దాన్నే తీర్పుగా తీసుకోకూడదు. నా దృష్టిలో ఈ వృత్తికి కావాల్సిన అసలు అర్హత ఇదే, ర్యాంకు ఆ తర్వాతే.

చదువు సంగతికొస్తే, ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీ రాసి మూడేళ్ల ఎండీ సైకియాట్రీ చేయాలి. పీజీ చేయకుండా గురజాలలో పనిచేసే ఎంబీబీఎస్ డాక్టరుకూ ఈ నిర్ణయం ఎదురుకావచ్చు. ప్రాణాపాయం ఉన్న అత్యవసరంలో రిజిస్టరైన ఏ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స చేసే వీలు 94వ సెక్షన్‌లో ఉంది. ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆయన ఒప్పుకోలు తీసుకోవాలి.

డాక్టరు కాలేనివారికీ ఇక్కడ చోటుంది. వార్డులో రాత్రంతా రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సే. రోగి నిద్రపోలేదనో, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గొణుక్కున్నాడనో నర్సు రాసిన రెండు వాక్యాలు మర్నాడు డిశ్చార్జిని ఆపగలవు. నర్సింగ్ చదివినవారికి ఏడాది సైకియాట్రిక్ నర్సింగ్ డిప్లొమా ఉంది. ఎంఏ సైకాలజీ ఒక్కటే చేసి బోర్డు పెట్టుకోవచ్చనుకుంటే పొరపాటే. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి. సోషల్ వర్క్ పీజీ చేసినవారు సైకియాట్రిక్ సోషల్ వర్క్ వైపు వెళ్లొచ్చు.

ఉద్యోగాల కోసం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నోటిఫికేషన్లు గమనించండి. అవి కాంట్రాక్టువో, రెగ్యులరువో ముందే చదువుకోండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్ (14416)లోనూ కౌన్సెలర్లు పనిచేస్తున్నారు. ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతూ, అవతలి మనిషిని వెంటనే ఆసుపత్రికి పంపాలో లేదో వారూ తేల్చుకోవాల్సి వస్తుంది.