చెవి పరీక్ష: మన అపోహలు, అసలు నిజాలు



కొంతకాలం క్రితం మన మగవారి వార్డు నుండి ఒక పెద్దాయన డిశ్చార్జి అయ్యారు. షుగరు మాత్రలు చేతికిచ్చి మా సిస్టరు, "రెండు పూటలా ఒక్కొక్కటి వేసుకోవాలి, అర్థమైందా తాతయ్యా?" అని అడిగింది. ఆయన "ఆఁ, ఆఁ" అని తల ఊపారు. నాలుగు రోజులకు షుగరు పడిపోయి, స్పృహ లేని స్థితిలో ఆయనను మళ్ళీ తీసుకొచ్చారు. ఆయనకు "రెండు" అన్న మాట ఒక్కటే వినబడింది. పూటకు రెండేసి మాత్రలు వేసుకున్నారు. దేవుని కృప వలన కోలుకున్నారు.

ఆయనకు మతి లేక కాదు, చెవి సరిగా వినబడక ఇలా జరిగింది. వినబడలేదని చెప్పడానికి ఆయన సిగ్గుపడ్డారు. వినబడుతోందా అని మేమూ అడగలేదు. ఆ తప్పు మాది. అప్పటి నుండి మందులు ఇచ్చేటప్పుడు, విన్నది తిరిగి చెప్పమని అడుగుతున్నాము.

"ముందెప్పుడైనా చెవి పరీక్ష చేయించారా?" అని ఆ ఇంటివారిని అడిగినప్పుడు వచ్చిన జవాబులే ఓ.పి.లో రోజూ వింటుంటాను. అందుకే ఈ పాఠం.

అపోహ 1: వయసు మీద పడితే చెవుడు మామూలే. పరీక్ష ఎందుకు?

నిజం: వయసుతో వినికిడి తగ్గడం నిజమే. కానీ పెద్దవారి చెవుడంతా వయసు వల్ల రాదు. గులిమి గట్టిపడి అడ్డం పడవచ్చు. చీము పట్టవచ్చు, కర్ణభేరికి రంధ్రం పడవచ్చు. వీటికి వైద్యం ఉంది. గులిమి తీయగానే "అమ్మా, లోకం మళ్ళీ వినబడుతోంది" అన్నవారిని చూశాను. వయసు వల్ల వచ్చినదే అయినా మిషనుతో మేలు జరుగుతుంది. వినికిడి లోపాన్ని వదిలేస్తే మనిషి ఒంటరి అవుతాడు. మతిమరుపు జబ్బు ప్రమాదాన్ని పెంచే, మనం సరిచేసుకోగల కారణాలలో ఇది ఒకటని లాన్సెట్ కమిషన్ 2017, 2020, 2024 నివేదికలలో చెప్పింది.

అపోహ 2: శబ్దాలు వినబడుతున్నాయి కదా, చెవులు బాగానే ఉన్నాయి.

నిజం: చాలామందికి మొదట తగ్గేది సన్నని, కీచు శబ్దాల వినికిడి. అప్పుడు డప్పు వినబడుతుంది, బస్సు హారను వినబడుతుంది. కానీ స, శ, త, క వంటి అక్షరాలు జారిపోతాయి. "గొంతు వినబడుతోంది గానీ మాట అర్థం కావడం లేదు" అనేవారు తప్పక పరీక్ష చేయించుకోవాలి. టీవీ సౌండు పెంచడం, మనవరాలి మాట అందకపోవడం, గుడిలో ప్రసంగం సగమే అర్థం కావడం, చెవిలో హోరు, ఇవన్నీ గుర్తులే.

అపోహ 3: పరీక్షలో సూది గుచ్చుతారు, కరెంటు పెడతారు.

నిజం: సూది లేదు, కరెంటు షాకు లేదు, నొప్పి లేదు. ముందు డాక్టరుగారు లైటుతో చెవి లోపల చూస్తారు. తరువాత నిశ్శబ్దంగా ఉండే గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోను పెడతారు. సన్నగా "కీ" మనే శబ్దం వచ్చినప్పుడల్లా మీట నొక్కాలి, లేదా చెయ్యి ఎత్తాలి. ఒక్కో చెవికి విడిగా, సాధారణంగా 250 నుండి 8000 హెర్ట్జ్ వరకు చూస్తారు. చెవి వెనుక ఎముక మీద కూడా ఒక చిన్న పరికరం పెట్టి చూస్తారు. లోపం బయటి చెవి, మధ్య చెవి వైపు ఉందా, లోపలి నరం వైపు ఉందా అని దానితో తెలుస్తుంది. ఇందులో పాసు, ఫెయిలు ఉండవు. వినబడకపోతే వినబడలేదని ఊరుకోండి, ఊహించి నొక్కకండి.

అపోహ 4: పసిబిడ్డకు పరీక్ష చేయలేరు. మాటలు రానీ, చూద్దాం.

నిజం: అన్నిటికంటే నష్టం చేసే అపోహ ఇదే. పుట్టిన కొద్ది రోజులకే, బిడ్డ నిద్రలో ఉండగానే ఓ.ఎ.ఇ., బెరా అనే పరీక్షలు చేయవచ్చు. నెల లోపు మొదటి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలు కావాలి. పళ్ళెం మోగిస్తే బిడ్డ తిరిగి చూశాడని నిశ్చింతగా ఉండకండి. మీ చెయ్యి కదలడం చూసి కూడా తిరగవచ్చు. వినబడని బిడ్డ కూడా మొదటి నెలల్లో "ఊ, ఊ" అంటాడు. "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యమే" అంటూ మూడేళ్ళు గడిపితే, మాట నేర్చుకునే విలువైన కాలం పోతుంది. మేనరికపు దంపతుల పిల్లలు, తక్కువ బరువుతో పుట్టినవారు, కామెర్లు ఎక్కువైనవారు, మెదడువాపు జ్వరం వచ్చినవారు మరీ ముఖ్యం.

అపోహ 5: పరీక్షకు వెళితే మిషను తగిలిస్తారు. మిషను పెడితే ఉన్న వినికిడి పోతుంది.

నిజం: పరీక్ష చేయించుకున్న అందరికీ మిషను అక్కరలేదు. మీ పరీక్ష కాగితాన్ని బట్టి సరిచేసిన మిషను చెవిని పాడుచేయదు. పక్కింటివారి మిషను, బజారులో చూడకుండా కొన్నది మాత్రం పెట్టుకోకండి. పేదవారికి భారత ప్రభుత్వ అడిప్ పథకం కింద మిషన్లు ఇస్తారు. ఆ వివరాలు మా ఓ.పి.లో అడగండి.

ఒక హెచ్చరిక: ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే ఆ రోజే రండి. చికిత్స ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది. కాచిన నూనె పోయడం, పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టడం మానండి.

కొందరు, "ప్రార్థన చేస్తున్నాము సిస్టరుగారూ, పరీక్షకు వెళ్తే విశ్వాసం లేనట్లు కాదా?" అని అడుగుతారు. మార్కు సువార్త 7వ అధ్యాయంలోని చెవిటివానిని గుర్తు చేసుకోండి. అతడు తనంతట తాను రాలేదు, ఇతరులు తీసుకొచ్చారు. ప్రభువు అతనిని గుంపులో నుండి పక్కకు తీసుకువెళ్ళాడు, నలుగురిలో నిలబెట్టలేదు. మనం మాత్రం "చెవిటి మాలోకం" అని నవ్వుతాము. ఆ నవ్వుకు భయపడే చాలామంది ఆసుపత్రికి రారు.

కనుక ఈ వారం మీ ఇంట్లో "ఆఁ, ఆఁ" అని తల ఊపేవారెవరో గమనించండి. కసురుకోకుండా, ఎదురుగా కూర్చొని నిదానంగా మాట్లాడండి. తరువాత చెయ్యి పట్టుకొని పరీక్షకు తీసుకురండి. ప్రార్థన కూడా మానవద్దు. మేమూ మీతో కలిసి ప్రార్థిస్తాము.