ఇంగ్లిష్ తప్పులకూ ఓ లెక్క ఉంది: ఖరగ్‌పూర్ నేర్పే వ్యాకరణ పాఠం

"ఐ యామ్ లివింగ్ ఇన్ ఖరగ్‌పూర్ సిన్స్ టెన్ ఇయర్స్." ఇంటర్వ్యూలో ఓ తెలుగు అభ్యర్థి ఇలా అంటే చెప్పదలచుకున్న విషయం అందరికీ అర్థమవుతుంది. అయినా ఎదుటివాళ్లు ముందుగా పట్టుకునేది ఆ 'సిన్స్'నే. దానివల్ల మార్కు పోవడం ఒక నష్టం. "నాకు ఇంగ్లిష్ రాదు" అనుకుని పిల్లలు నోరు విప్పడం మానేయడం అంతకంటే పెద్ద నష్టం. ఈ తప్పులు తెలివి తక్కువై వచ్చేవి కావనీ, వాటి వెనుక ఒక క్రమం ఉందనీ భాషాశాస్త్రం చెబుతోంది.

ఆ క్రమాన్ని చూడటానికి పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్ మంచి చోటు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పని కోసం కోస్తాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉంటున్నాయి. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది కూడా. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, స్నేహితులతో హిందీ, బడిలో ఇంగ్లిష్... ఇలా నాలుగు భాషల మధ్య పెరిగే పిల్లలు ఇక్కడ ఉంటారు.

తప్పు ఎలా పుడుతుంది?

కొత్త భాషలో మనకు ఏది కష్టమవుతుందో మాతృభాషతో పోల్చి చూస్తే ముందే ఊహించవచ్చని అమెరికా భాషావేత్త రాబర్ట్ లాడో 1957లో ప్రతిపాదించారు. 1967లో బ్రిటిష్ శాస్త్రవేత్త పిట్ కోర్డర్ మరో అడుగు ముందుకు వేశారు. నోరు జారి దొర్లే పొరపాటు వేరు, మళ్లీ మళ్లీ ఒకేలా వచ్చే తప్పు వేరు అన్నారు. ఈ రెండో రకం తప్పును గమనిస్తే, నేర్చుకునే వ్యక్తి తన మనసులో కట్టుకున్న నియమం మనకు తెలుస్తుంది. మాతృభాషకూ నేర్చుకునే భాషకూ మధ్య రూపుదిద్దుకునే ఈ తాత్కాలిక వ్యవస్థకు 1972లో లారీ సెలింకర్ 'అంతరభాష' అనే అర్థం వచ్చే పేరును ప్రచారంలోకి తెచ్చారు.

'సిన్స్' ఎప్పుడు, 'ఫర్' ఎప్పుడు?

"2015 నుంచి ఇక్కడ ఉంటున్నాను", "పదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను". తెలుగులో రెండు చోట్లా 'నుంచి' సరిపోతుంది. హిందీలోనూ రెండింటికీ 'సే' చాలు. ఇంగ్లిష్ మాత్రం ఈ రెండింటినీ విడదీస్తుంది. రైలు భాషలో చెప్పాలంటే, బండి బయలుదేరిన సమయం ఒకటి, ప్రయాణానికి పట్టిన సమయం మరొకటి. మొదటిది కాలంలో ఒక బిందువు, దానికి 'సిన్స్'. రెండోది రెండు బిందువుల మధ్య దూరం, దానికి 'ఫర్'. కాబట్టి "సిన్స్ 2015", "ఫర్ టెన్ ఇయర్స్" అనాలి. క్రియ కూడా మారాలి: "ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్."

ఖరగ్‌పూర్ పిల్లలకు ఇక్కడ ఓ సౌకర్యం ఉంది. బెంగాలీలో మొదలైన బిందువును చెప్పడానికి 'థేకే', గడిచిన వ్యవధిని చెప్పడానికి 'ధొరే' వాడతారు. వాళ్లు బజారులో రోజూ వినే భాషలోనే ఈ తేడా ఉంది. 'థేకే' వచ్చే చోట 'సిన్స్', 'ధొరే' వచ్చే చోట 'ఫర్' అని గుర్తు పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

'ఎ' ఎక్కడ, 'ది' ఎక్కడ?

"రైలు వచ్చింది" అంటే ఏదో ఒక రైలు కావచ్చు, మనం ఎదురుచూస్తున్న రైలే కావచ్చు. అది సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. అవసరమైతే 'ఒక' అనో 'ఆ' అనో చేరుస్తాం, కానీ చేర్చి తీరాలన్న నియమం తెలుగులో లేదు. అందుకే ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు 'ఎ', 'ది' జారిపోతుంటాయి.

మళ్లీ బెంగాలీ వైపు చూడండి. 'ఎక్‌టా బొయ్' అంటే ఏదో ఒక పుస్తకం. 'బొయ్‌టా' అంటే ఇద్దరికీ తెలిసిన ఆ పుస్తకం. 'ఎ బుక్', 'ది బుక్' మధ్య ఉన్న తేడా దాదాపు ఇదే. వినేవారికి ఏ వస్తువో ముందే తెలిస్తే 'ది', కొత్తగా పరిచయం చేస్తుంటే 'ఎ' అన్నది మొదటి సూత్రం.

ఇక 'ఎ' రావాలా, 'యాన్' రావాలా అన్నది అక్షరాన్ని బట్టి కాదు, శబ్దాన్ని బట్టి తేలుతుంది. 'యూనివర్సిటీ' స్పెల్లింగులో మొదటిది అచ్చే అయినా వినిపించేది 'య' శబ్దం, కాబట్టి 'ఎ' చాలు. 'ఎమ్మెస్సీ'లో మొదట రాసేది హల్లే అయినా వినిపించేది 'ఎ', కాబట్టి 'యాన్' కావాలి. అయితే తెలుగువాళ్లం 'ఎక్కడ'ను 'యెక్కడ'లా పలికినట్టే 'ఎమ్మెస్సీ'ని 'యెమ్మెస్సీ' అంటుంటాం. అప్పుడు 'య' శబ్దం విని చెవి మోసపోవచ్చు.

మాతృభాషే కాపాడే చోటు

ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫామ్ ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. కాబట్టి ఇప్పుడు "వన్ ఆఫ్ ది లాంగెస్ట్..." అనాలి. ఆ తర్వాత చాలామంది 'ప్లాట్‌ఫామ్' అని ఏకవచనం వాడేస్తారు. అదే మాట తెలుగులో చెప్పి చూడండి: "అతి పొడవైన ప్లాట్‌ఫాముల్లో ఒకటి." బహువచనం దానంతటదే వచ్చింది. ఇంగ్లిష్‌లోనూ 'ప్లాట్‌ఫామ్స్' అనే అనాలి.

అన్నిటికీ తెలుగే కారణమా?

కాదు. "ఐ యామ్ నోయింగ్" అన్న తప్పునే తీసుకోండి. తెలుగులో "నాకు తెలుసు" అంటాం. అందులో 'చేస్తున్నాను' లాంటి జరుగుతున్న పని రూపం లేదు. కాబట్టి ఈ తప్పు తెలుగు నుంచి నేరుగా వచ్చిందని చెప్పలేం. 'ఈటింగ్', 'రన్నింగ్' నేర్చుకున్న మెదడు అదే నియమాన్ని అన్ని క్రియలకూ సాగదీసినా ఇలాంటివి వస్తాయి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న చిన్నపిల్లలు కూడా 'వెంట్' బదులు 'గోడ్' అంటారు. తెలిసి ఉండటం, నమ్మడం, కలిగి ఉండటం వంటివి పనులు కావు, స్థితులు. ఆ అర్థంలో వాడినప్పుడు వాటికి 'ఇంగ్' చేర్చరు: "ఐ నో", "ఐ హ్యావ్ టు బ్రదర్స్".

తప్పు దొరికినప్పుడు దిద్ది వదిలేయకుండా ఓ నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. పక్కనే అదే వాక్యాన్ని మీకు వచ్చిన ప్రతి భాషలోనూ రాయండి. ఏ భాష ఇంగ్లిష్ దారిలో నడుస్తోందో, ఏది పక్కకు తిరుగుతోందో కనిపిస్తుంది. పది వాక్యాలు పోగయ్యేసరికి, మీ తప్పులు వందల్లో లేవనీ, రెండు మూడు నియమాలే మళ్లీ మళ్లీ రూపం మార్చుకుని వస్తున్నాయనీ తెలియవచ్చు. అప్పుడు దిద్దుకోవాల్సింది ఆ రెండు మూడే.