మండూకమూ శలభమూ

ఋగ్వేదం ఏడవ మండలంలో కప్పలకొక సూక్తమే ఉన్నా, తరువాతి సాహిత్యం వాటిపై దయ చూపలేదు. లోకం తెలియనివానిని కూపస్థమండూకమన్నారు. తెలిసి తెలిసి ఆపదలో పడేవానిని దీపశిఖపై వాలే శలభంతో పోల్చారు. ఉపమానాలను పక్కనపెట్టి, కృష్ణాతీరాన ముక్త్యాల మొదలుకొని జగ్గయ్యపేట, నందిగామ మెట్టల వరకు గల పత్తిచేలలో ఈ రెండింటినీ పరిశీలిస్తే కథ వేరుగా కనిపిస్తుంది.

ఇక్కడి మండూకం బోదురుకప్ప. శలభం శనగపచ్చ పురుగు యొక్క రెక్కల రూపం. రెండింటికీ జన్మ ఒకటే, రూపాలు పలు. ఈ మార్పును శాస్త్రజ్ఞులు రూపవిక్రియ అంటారు. కప్పకు దాయాదియైన సాలమండర్‌కూ ఇది ఉన్నది. అయితే అది తోకను జీవితాంతం నిలుపుకొంటుంది. మన దేశంలో ఆ ప్రాణి డార్జిలింగు, ఈశాన్య రాష్ట్రాల కొండలలోనే నివసిస్తుంది.

తొలకరికి నీటిగుంటలలో మగ బోదురుకప్పలు పసుపువన్నె దాల్చి బెకబెకలాడతాయి. గుడ్డు నుంచి వెలువడిన తోకపిల్ల చేపవలె మొప్పలతో శ్వాసిస్తుంది. క్రమంగా కాళ్ళు మొలుస్తాయి, ఊపిరితిత్తులు ఏర్పడతాయి. తోక చాలామంది అనుకొన్నట్లు ఊడిపోదు, దేహంలోనే లీనమవుతుంది. ఈదుతూ, వేటాడుతూనే అది మారిపోతుంది.

శలభం పద్ధతి వేరు. లద్దెపురుగుగా పత్తికాయను తొలిచి తిని, నేలలోకి దిగి, కోశంలో నిశ్చలంగా ఉండిపోతుంది. అక్కడ పాత దేహం చాలావరకు కరిగి కొత్తది రూపొందుతుంది. కాయను తొలిచిన దవడలు శలభానికి ఉండవు. చుట్టుకొనే తొండంతో పూలతేనె త్రాగుతుంది. వేసవిదుక్కి దున్నిన రైతు ఆ కోశాలను ఎండకూ పక్షులకూ అప్పగిస్తాడు. ఆ ఎండలకే బోదురుకప్ప కూడా మట్టిలో దాగి వానకై నిరీక్షిస్తుంది. వానలు పడ్డాక రాత్రివేళ గట్టుమీద కూర్చుండి, చిక్కిన పురుగునల్లా మింగుతుంది.

1987 ప్రాంతంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఈ పురుగు ధ్వంసం చేసింది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను తట్టుకొనే శక్తి దానికి అప్పటికే అబ్బింది. అదే 1987లో భారత ప్రభుత్వం కప్పకాళ్ళ ఎగుమతిని నిషేధించింది. అంతకుముందు ఏళ్ళ తరబడి మన కప్పలు విదేశీ భోజనశాలలకు తరలిపోయాయి. ఒకటి మరొకదానికి కారణమని కాదు. చేను మాత్రం రెండింటినీ ఒకేసారి అనుభవించింది.

శలభానికి నెల, నెలన్నరకొక తరం. ప్రతి తరంలోనూ విషాన్ని తట్టుకొన్నవి మిగిలి సంతానాన్ని కంటాయి. కప్పకు అంత వేగం లేదు. వానాకాలానికే దాని సంతతి. పైగా పలుచని తడిచర్మం గుండా నీటిలోని విషం దాని దేహంలోకి ప్రవేశిస్తుంది. చేలో చల్లిన మందు వాననీటితో కలిసి చేరేది పల్లపు గుంటలకే. తోకపిల్లలు పెరిగేదీ అక్కడే.