ముందు అరకాగితం, తర్వాత అభిప్రాయం

బడ్జెట్ రోజు ఆర్థికమంత్రి ప్రసంగం ముగించకముందే మీకో అభిప్రాయం తయారైపోతుంది. జీఎస్టీ మీద ఉంటుంది, యాపిల్ మీద ఉంటుంది, రీచార్జి ధరలు పెంచిన కంపెనీల మీదైతే మరీ గట్టిగా ఉంటుంది. ఉండొచ్చు, తప్పులేదు. దాని కింద ఏముందో ఒక్కసారైనా తవ్వి చూశారా అన్నదే నా గొడవ.

నేనూ, మా బావమరిదీ ఏ పండక్కి కలిసినా విస్తర్ల దగ్గరే మొదలుపెడతాం. "అంతా కంపెనీలే మింగేస్తున్నాయి బావా" అని అతను. "కట్టేది మనం, తినేది సర్కారు" అని నేను. గొంతు పెంచడంలో ఇద్దరిలో ఎవరం తీసిపోం. నాది ముక్కు మీద కోపం. ఈ వ్యాసం రాస్తున్నంత మాత్రాన అది పోయిందనుకోకండి. దాన్ని కాసేపు ఆపడానికి నాకు దొరికిన ఉపాయం మాత్రం ఒకటుంది, అరకాగితం.

ఏ విధానం మీదైనా, ఏ కంపెనీ మీదైనా నోరు విప్పేముందు ఒక తెల్లకాగితాన్ని సగానికి మడవండి. ఆ సగంలో ఇదెలా నడుస్తుందో మాత్రమే రాయండి. డబ్బు ఎవరి చేతిలో బయల్దేరి ఎవరి చేతికి చేరుతుంది, మధ్యలో ఎవరెవరు ఎంత తీసుకుంటారు? మంచిదా చెడ్డదా అన్న తీర్పు ఆ కాగితం మీదికి రాకూడదు.

యూపీఐనే తీసుకోండి. 2023 మార్చి చివర్లో "ఇక యూపీఐకి 1.1 శాతం చార్జీ" అన్న మాట ఇంటింటికీ పాకింది. తిట్టనివాళ్లు పాపాత్ములన్నట్టుంది ఆ రెండు రోజులూ. నిజానికి వాలెట్ లాంటి ప్రీపెయిడ్ ఖాతా నుంచి దుకాణానికి 2,000 రూపాయలు దాటి కడితే పడే రుసుము అది. కొనేవాడి మీద పడేది కాదు. బ్యాంకు ఖాతా నుంచి చేసే మామూలు చెల్లింపుకు అది లేనేలేదని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ప్రకటన కూడా ఇచ్చింది.

సరే, మామూలు చెల్లింపు ఉచితం. ఎలా ఉచితం? ఇక్కడే నా పెన్ను ఆగింది. ఒక్కో చెల్లింపు మీద దుకాణదారు తన బ్యాంకుకు ఇవ్వాల్సిన రుసుము, అంటే ఎండీఆర్, 2020 జనవరి నుంచి సున్నా. సర్వర్లు తిరగాలి, మోసాల మీద నిఘా పెట్టాలి, ఆ ఖర్చు బ్యాంకులూ యాప్‌లూ మోయాలి. కేంద్రం కొంత సర్దుతుంది. 2024-25కి సుమారు 1,500 కోట్లు కేటాయించి, చిన్న వ్యాపారులకు చేరే 2,000 లోపు చెల్లింపుల మీద 0.15 శాతం ప్రోత్సాహకం ఇచ్చింది. యాప్‌లేమో రీచార్జి మీద ఫీజు, అప్పులు, బీమా అమ్మి సంపాదించుకుంటున్నాయి. టీకొట్టులో మీరు స్కాన్ చేసిన పది రూపాయల వెనక కొంత మన పన్నుంది, కొంత రేపు మీ ఫోన్‌కి రాబోయే లోను ఆఫరుంది. ఇంతదాకా రాశాక మా బావమరిది "దోపిడీ" కానీ, నా కేకలు కానీ ఆ అరకాగితంలో ఇమడలేదు.

అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో ఇలాంటి ప్రయోగమే చేశారు. ఒక విధానం ఎలా పనిచేస్తుందో అంచెలంచెలుగా చెప్పమంటే జనం పట్టుదల సడలిందట. ఎందుకు సమర్థిస్తున్నారో కారణాలు చెప్పమంటే సడలలేదట. తర్వాత అదే ప్రయోగం చేసినవాళ్లలో కొందరికి ఆ ఫలితం రాలేదు. నా మీద మాత్రం పనిచేస్తోంది, నాకది చాలు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు "ఏసీ తగ్గింది, ఫోన్ తగ్గలేదు, కంపెనీవాళ్లే నొక్కేశారు" అన్నవాళ్లు ఎంతమందో! ఏసీ మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. ఫోన్ మీది పన్ను 2020 ఏప్రిల్‌లో 12 నుంచి 18కి ఎక్కి అక్కడే ఉంది. ఇంకో తమాషా చూడండి. 20,000 ధర రాసివున్న ఫోన్‌లో పన్నెంత? 3,600 అంటారు చదువుకున్నవాళ్లు కూడా. పన్ను ఆ ధరలోనే కలిసి ఉంది కాబట్టి 3,050 చిల్లర. లెక్క వేయడానికి బద్ధకం, తిట్టడానికి మాత్రం ఎక్కడలేని ఓపిక!

చిన్నబుచ్చుకోకండి. పీహెచ్‌డీలు అక్కర్లేదు, ఐదారు వాక్యాలు చాలు. తెలియనిచోట ఒక గీత గీసి వదిలేయండి. ఆ గీత కనిపించడమే మీకు లాభం. నలుగురిలో "ఇది నాకు తెలీదు" అనడం మొదట్లో నాలుకకు చేదుగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

మిగతావి చకచకా చెప్పేస్తాను. శీర్షిక చూసి ఫార్వర్డ్ చేయకండి. కొన్న ఫోన్ కంపెనీకి వకీలు కాకండి, వాళ్లు మీకు ఫీజివ్వరు. ఏడాదికోసారి మీ పాత వాదన ఒకటి బయటికి తీసి చదవండి. రాత్రి పదకొండు దాటాక పన్నుల గురించి మాట్లాడకండి.

మొదటి కాగితం ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ మీద రాయండి. మీ పాత ఫోన్ మీద అదనంగా ఇస్తామనే బోనస్ ఎవరి జేబులోంచి వస్తుంది, ఆ పాత ఫోన్ చివరికి ఎక్కడికి పోతుంది? మూడో వాక్యం దగ్గర ఆగిపోతారు, పందెం. అప్పుడు షాపులో కుర్రాణ్ణి అడగండి. అతను సగం చెబుతాడు, మిగతా సగం కనుక్కునేదాకా దాని మీద వాదన వాయిదా వేయండి.